నాలుగో సీటు

మన ఇళ్లలో వారసత్వంగా వచ్చేవాటికి పెద్ద లిస్టే ఉంటుంది. పొలం, ఇంటిపేరు, నానమ్మ చంద్రహారం, షుగర్ జబ్బు, ఆవకాయ కొలతలు. వాటితో పాటే అభిమాన హీరో కూడా వస్తాడు. తాత ఎన్టీఆర్ అభిమాని అయితే, నాన్న బాలయ్య సినిమాకి మొదటిరోజే వెళ్తాడు. మనవడు తారక్ కటౌట్‌కి పాలాభిషేకం చేస్తాడు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అన్నం తిన్నట్టే, ఇంట్లో ఉంటూ ఉంటూ అదీ వచ్చేస్తుంది.

మా ఇంట్లో అలా వచ్చింది మాత్రం ఒక ఫుట్‌బాల్ టీం. అది కూడా అమెరికాలో, నెబ్రాస్కా అనే రాష్ట్రంలో, ఒక యూనివర్సిటీ టీం. నాన్నది మిర్యాలగూడ దగ్గర పల్లె. మేముండేది హైదరాబాద్ కొత్తపేటలో. అయినా ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే మా ఇంట్లో బీరువా అడుగు నుంచి ఎర్ర టీషర్టులు బయటికొస్తాయి. డిసెంబర్ దాకా శనివారం రాత్రి ఎవరి పెళ్లి పిలుపు వచ్చినా నాన్న ముందు మ్యాచ్ టైం చూస్తాడు.

పోనీ ఆ టీం గెలిచేదా అంటే, నాకు ఊహ తెలిశాక గెలిచింది తక్కువ. ఏడిపించింది ఎక్కువ.

ముందు ఆ ఆట గురించి రెండు ముక్కలు

ఫుట్‌బాల్ అనగానే మెస్సీ, రొనాల్డో గుర్తొస్తారు కదా. ఇది అది కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకి హెల్మెట్, భుజాలకి ప్యాడ్లు, ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోవడం... ఆ ఆట. అమెరికాలో దీనికి ప్రొఫెషనల్ లీగ్ ఉంది. కానీ కాలేజీ టీంలకి ఉండే పిచ్చి వేరు. ఆడేది స్టూడెంట్లు. చూసేది మాత్రం ఊరూ వాడా.

నెబ్రాస్కాలో ఇది ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ ప్రొఫెషనల్ లీగ్‌లో ఆ రాష్ట్రానికి టీమే లేదు. మొత్తం రాష్ట్ర జనాభా 20 లక్షలు ఉంటుందేమో. అంటే మన హైదరాబాద్‌లో నాలుగో వంతు కూడా కాదు. వాళ్లందరికీ కలిపి ఒక్కటే టీం, నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ల కార్న్‌హస్కర్స్. పేరుకి అర్థం ఏంటో తెలుసా? మొక్కజొన్న పొత్తుల పొట్టు వలిచేవాళ్లు. ముద్దుగా హస్కర్స్ అంటారు. ఆ రాష్ట్రంలో ఎటు చూసినా మొక్కజొన్న చేలే కాబట్టి టీం పేరు కూడా అదే.

వాళ్ల మెమోరియల్ స్టేడియం లింకన్ అనే ఊళ్లో ఉంది. 1923లో కట్టారు. 85 వేల మందికి పైగా పడతారు. మ్యాచ్ రోజున ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఒమాహా, లింకన్ తర్వాత అంత జనం ఉన్న ఊరు ఆ రాష్ట్రంలో నిజంగానే లేదు. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. 1962 నవంబర్ నుంచి ఇప్పటిదాకా అక్కడ జరిగే ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. ఆ లెక్క ఇప్పటికి 400 మ్యాచ్‌లు దాటింది. టీం బాగా ఓడిన ఏళ్లలో మిగిలిన టికెట్లని దాతలు కొని పిల్లలకి పంచారు గానీ, ఆ లెక్క మాత్రం తెగనివ్వలేదు.

మొక్కజొన్న తాత

నాన్న ఎం.ఎస్. చేయడానికి లింకన్ వెళ్లింది 1993 ఆగస్టులో. ఇంటికి ఫోన్ చేయాలంటే నిమిషానికింత అని లెక్కపెట్టుకునే రోజులు. విదేశీ స్టూడెంట్లని అక్కడి కుటుంబాలు పండగలకి, భోజనాలకి ఇంటికి పిలవడం ఆ ఊళ్లో అలవాటు. అలా నాన్నకి దొరికింది ఒక ముసలి జంట. లింకన్‌కి పడమట ఒక చిన్న ఊళ్లో మొక్కజొన్న రైతులు. నేను పుట్టాక ఆయన్ని తాత అనే పిలిచాను. ఇప్పటికీ మా ఇంట్లో ఆయన పేరు మొక్కజొన్న తాత.

మొదటి భోజనంలోనే ఇద్దరికీ దోస్తీ కుదిరిందట. కారణం ఫుట్‌బాల్ కాదు, నీళ్లు. మా సొంత తాతది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి పొలం. కాల్వకి నీళ్లు ఎప్పుడు వదుల్తారా అని ఎదురుచూసిన బతుకు. మొక్కజొన్న తాతది భూగర్భ జలం మీద వ్యవసాయం. ఒకాయన భాష ఇంకొకరికి సగమే అర్థమైనా, బోరు లోతు, ఎరువుల ధర, వానలు కుదరకపోతే పడే బాధ మాత్రం మొత్తం అర్థమైంది.

తాత కుటుంబానికి 1960ల నుంచి స్టేడియంలో నాలుగు సీట్లు ఉండేవి. మనకి సీజన్ టికెట్ అనే మాట ఐపీఎల్ వచ్చాక కూడా అంతగా అలవాటు కాలేదు. అక్కడ ఒకసారి తీసుకుంటే ప్రతి ఏడాదీ డబ్బు కట్టి అదే సీటు ఉంచుకోవచ్చు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవరాలు. అమెరికాలో అన్నదమ్ములు ఇల్లు, పొలం సాఫీగా పంచుకుని, ఈ టికెట్ల దగ్గర కొట్లాడుకున్న సందర్భాలు కూడా ఉంటాయి. తాత నాలుగు సీట్లలో ఒకటి ఆయనది, ఒకటి నానమ్మది, ఒకటి కూతురిది. నాలుగోది కొడుకుది. కొడుకు ఉద్యోగం కోసం డెన్వర్ వెళ్లిపోయాడు. ఆ సీటుని తాత అమ్మలేదు. ఎవరో ఒకరిని తీసుకెళ్లేవాడు. చర్చిలో పరిచయమైనవాళ్లని, కొత్తగా వచ్చిన టీచర్‌ని, పొలం పనికి వచ్చిన కుర్రాణ్ని. 1993లో ఆ వంతు మా నాన్నకి వచ్చింది.

నాన్న చెప్పే మొదటి మ్యాచ్ కథలో ఆట వివరాలేం ఉండవు. ఆయనకి ఆ రోజు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకి గుర్తున్నది రెండే. ఒకటి, స్టేడియం మొత్తం ఎర్రగా ఉండటం. మిర్చి యార్డు లాగా, అంటాడు. రెండోది, మ్యాచ్ అయిపోయాక జరిగింది. ఓడిపోయిన ఎదుటి టీం తలలు దించుకుని లోపలికి వెళ్తుంటే, ఆ పక్కన కూర్చున్న హస్కర్స్ అభిమానులు లేచి నిలబడి వాళ్లకి చప్పట్లు కొట్టారు. అది వాళ్ల పాత ఆనవాయితీ. గెలిచినా ఓడినా, వచ్చిన అతిథి టీంకి చప్పట్లు కొట్టి పంపిస్తారు. "ఇండియా పాకిస్తాన్ మ్యాచులు చూసి పెరిగినోణ్ని. నాకు దిమ్మ తిరిగింది" అంటాడు నాన్న.

రొట్టె పిండిలో గొడ్డుమాంసం, క్యాబేజీ, ఉల్లిపాయ పెట్టి మూసి కాల్చే రన్జా అనేది అక్కడి స్టేడియం తిండి. నాన్న అది తినడని తెలిసి, ఆ నానమ్మ క్యాబేజీ, చీజ్ పెట్టి ఆయన కోసం విడిగా చేసి పేపర్లో చుట్టి తెచ్చేదట. ఇప్పుడు మా అమ్మ దాన్నే మటన్ కీమాతో చేస్తుంది. కొత్తపేటలో మా పక్కింటివాళ్లు దాన్ని కీమా పఫ్ అంటారు. మేం సరిదిద్దడం మానేశాం.

ఓడిపోయిన కథే ఎందుకు చెప్పేవాడు?

నాన్న అదృష్టం చూడండి. ఆయన వెళ్లిన మొదటి సీజన్‌లో టీం ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్ దాకా వెళ్లింది. ఫ్లోరిడా స్టేట్ చేతిలో 18-16తో ఓడింది. ఆఖరి క్షణంలో కొట్టిన కిక్ పక్కకి పోయింది. తర్వాతి ఏడాది, 1994లో ఛాంపియన్. 1995లో మళ్లీ ఛాంపియన్, ఫైనల్లో ఫ్లోరిడా మీద 62-24. 1997లో మళ్లీ. కోచ్ టామ్ ఆస్బోర్న్. 25 సీజన్లలో 255 విజయాలు, 49 ఓటములు, 3 డ్రాలు. రిటైరయ్యాక ఎన్నికల్లో నిలబడి కాంగ్రెస్ సభ్యుడు కూడా అయ్యాడు. మన దగ్గర హీరోలకి జరిగేది అక్కడ ఫుట్‌బాల్ కోచ్‌కి జరిగింది.

ఇన్ని గెలుపులు ఉండగా, మొక్కజొన్న తాత నాన్నకి పదే పదే చెప్పిన కథ మాత్రం ఒక ఓటమి గురించి. 1984 జనవరి 2, ఆరెంజ్ బౌల్, ప్రత్యర్థి మయామి. ఆట చివర్లో నెబ్రాస్కా టచ్‌డౌన్ చేసి 31-30కి వచ్చింది. ఒక్క పాయింట్ వెనక ఉంది. టచ్‌డౌన్ తర్వాత రెండు దారులుంటాయి. తేలికైన కిక్ కొడితే ఒక పాయింట్. లేదా మళ్లీ బంతిని గీత దాటిస్తే రెండు పాయింట్లు, అది కష్టం. అప్పట్లో ఓవర్‌టైం లేదు. కిక్ కొడితే మ్యాచ్ టై అవుతుంది. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓటమే లేని టీం కాబట్టి, టై అయినా టైటిల్ దాదాపు వాళ్లదే. ఆస్బోర్న్ కిక్ వద్దన్నాడు. గెలవడానికే ఆడదాం అన్నాడు. రెండు పాయింట్ల కోసం వెళ్లారు. ఆ పాస్ చేతికి చిక్కలేదు. టైటిల్ పోయింది.

"టై చేసుకుని కప్పు తీసుకున్నా ఎవడూ ఏమీ అనేవాడు కాదు. కానీ ఆయన అట్ల చేయలే" అని తాత చెప్పినట్టే నాన్న మాకు చెప్పేవాడు. పదో తరగతిలో నేను మ్యాథ్స్ ఒలింపియాడ్‌కి వెళ్లనని మొండికేస్తే ఈ కథ. తమ్ముడు క్రికెట్‌లో ఔటవుతానేమోనని షాట్ కొట్టకుండా డిఫెన్స్ ఆడితే ఇదే కథ. మహాభారతంలో కర్ణుడి కథ ఎన్నిసార్లు విన్నామో దీన్నీ అన్నిసార్లు విన్నాం.

గెలిచిన కథల్లో నాకు ఇష్టమైంది 1997 నవంబర్ 8న మిస్సోరీతో ఆడిన మ్యాచ్. కొన్ని సెకన్లే ఉన్నాయి, నెబ్రాస్కా ఓడిపోతోంది. విసిరిన బంతి ఒక ఆటగాడి చేతికి అందక జారింది. కింద పడబోతుండగా అతని కాలికి తగిలి పైకి లేచింది. వెనక నుంచి మ్యాట్ డేవిసన్ అనే కుర్రాడు డైవ్ చేసి నేలకి అంగుళం పైన పట్టేశాడు. స్కోరు సమం. ఓవర్‌టైంలో 45-38తో గెలుపు. ఆ మ్యాచ్ నాన్న, తాత ఇంట్లో టీవీలో చూశారు. నాకు ఏడాది దాటింది. నాన్న ఒళ్లో నిద్రపోతున్నానట. ఆ క్యాచ్‌కి అందరూ అరిచిన అరుపుకి లేచి గుక్కపట్టి ఏడ్చానట. "అది నీ మొదటి మ్యాచ్ బిడ్డా" అంటాడు నాన్న. ఆ బంతి విసిరిన క్వార్టర్‌బ్యాక్ పేరు స్కాట్ ఫ్రాస్ట్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కొత్తపేటలో తెల్లవారుజామున

2004 వేసవిలో మా సొంత తాతకి పక్షవాతం వచ్చింది. నాన్న ఒక్కడే కొడుకు. ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, రెండు నెలల్లో హైదరాబాద్ వచ్చేశాం. నాకు ఎనిమిదో ఏడు నడుస్తోంది, తమ్ముడికి మూడేళ్లు.

సరిగ్గా అదే ఏడాది టీం కూడా కూలిపోయింది. అంతకుముందు సీజన్‌లో 9 మ్యాచ్‌లు గెలిపించిన కోచ్‌ని, అది చాలదని తీసేశారు. కొత్త కోచ్ వచ్చాడు. 5 గెలుపులు, 6 ఓటములు. 1961 తర్వాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిది.

అప్పటి మా ఇల్లు గుర్తొస్తే నవ్వొస్తుంది. అక్కడ పొద్దున 11కి మొదలయ్యే మ్యాచ్ మనకి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం రెండున్నర మ్యాచ్ మనకి ఒంటిగంట. సాయంత్రం మ్యాచ్ అయితే ఆదివారం తెల్లవారుజామున ఐదు. టీవీలో వచ్చేది కాదు. నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని స్కోర్ పేజీని రిఫ్రెష్ కొడుతూ ఉండేవాడు. నేను పక్కన స్టూల్ మీద. పేజీ లోడ్ అయ్యేలోపు అక్కడ రెండు ఆటలు అయిపోయేవి. బొమ్మ లేదు, శబ్దం లేదు. అంకెలు మాత్రమే మారేవి. ఆ అంకెలు చూసి నాన్న అక్కడ ఏం జరిగిందో ఊహించి చెప్పేవాడు. "ఇప్పుడు పడమటి వైపు స్టాండ్ల మీద ఎండ పడుతది. తాత టోపీ తీసి మళ్లీ పెట్టుకుంటడు." నేను హస్కర్స్‌ని మొదట చూసింది అలా, నాన్న మాటల్లో.

మూడు వారాలకోసారి పోస్టులో మందపాటి కవర్ వచ్చేది. తాత ఆదివారం పేపర్లో స్పోర్ట్స్ పేజీలు కత్తిరించి పంపేవాడు. మార్జిన్లలో పెన్సిల్‌తో ఆయన వ్యాఖ్యానం. "ఈ కోచ్‌కి పరిగెత్తించడం రాదు" లాంటివి. పక్కనే మొక్కజొన్న రేటు, వాన ఎంత పడిందో కూడా. నాన్న జవాబు రాసేవాడు. సాగర్ నీటిమట్టం, వరి ధర, మా మార్కులు. నాన్నకి అమెరికా వదిలి వచ్చినందుకు బాధగా ఉందా అని నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ కవరు వచ్చిన రోజు ఆయన చాయ్ రెండు గ్లాసులు తాగేవాడు, బాల్కనీలో గంటసేపు కూర్చునేవాడు. అమ్మ ఆ గంటలో ఆయనకి ఏ పనీ చెప్పేది కాదు.

2016లో తాత పోయాడు. ఆ కవర్లు ఆగిపోయాయి. నాన్న ఆ సీజన్ మొత్తం చూశాడు గానీ ఒక్కసారి కూడా గట్టిగా అరవలేదు.

అభిమానం ఎవరి మీద?

తర్వాతి ఏడాది టీం 4 గెలుపులతో అట్టడుగుకి వెళ్లింది. అప్పుడొక శుభవార్త. స్కాట్ ఫ్రాస్ట్ కోచ్‌గా తిరిగొస్తున్నాడు! నెబ్రాస్కాలో పుట్టిన కుర్రాడు, 1997 ఛాంపియన్ టీం క్వార్టర్‌బ్యాక్, ఆ మిస్సోరీ మ్యాచ్ హీరో. ఊరి బిడ్డ ఊరిని కాపాడటానికి వస్తున్నాడు. మన సినిమాల్లో అయితే ఇంటర్వెల్ తర్వాత విజిల్సే విజిల్స్.

జీవితం అలా నడవలేదు. 2018లో వరసగా మొదటి 6 మ్యాచ్‌లు ఓడిపోయారు. 2021లో 3 గెలుపులు, 9 ఓటములు. ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా 10 పాయింట్ల తేడాతో ఓడింది కాదు. అంటే ప్రతిసారీ గెలుపు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చారు. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదరన్ మీద 45-42తో ఓడిన మర్నాడే ఫ్రాస్ట్‌ని తీసేశారు.

నేనప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. నైట్ షిఫ్ట్‌లో ఫోన్లో ఆ వార్త చదివి నాన్నకి కాల్ చేశాను. "అసలు మనం ఎవరికి అభిమానులం నాన్నా?" అన్నాను. నాకు నిజంగానే ఆ అనుమానం వచ్చింది. ఆటగాళ్లు నాలుగైదేళ్లకి వెళ్లిపోతారు. ఈ మధ్య రూల్స్ మారాక ఏడాదికే వేరే యూనివర్సిటీకి మారిపోతున్నారు, ఐపీఎల్ వేలం లాగా. ఎండార్స్‌మెంట్ డబ్బులు కూడా వచ్చాయి. కోచ్‌లు మారతారు. 2011లో టీం లీగే మారిపోయింది, పాత ప్రత్యర్థులు పోయారు. ఇక మిగిలిందేంటి, ఎరుపు రంగా?

నాన్న కాసేపు ఆలోచించి అన్నాడు, "సీటుందిగా."

తమ్ముడు చేసిన పని

2023 మార్చిలో తమ్ముడికి ఎం.ఎస్.కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి నెబ్రాస్కా. రెండోది అయోవా. అయోవా వాళ్లు అసిస్టెంట్‌షిప్ కూడా ఇచ్చారు. ఫీజు భారం చాలా తగ్గిపోతుంది.

మీకు విషయం అర్థం కావాలంటే ఇది తెలియాలి. అయోవా పక్క రాష్ట్రమే. వాళ్లదీ మొక్కజొన్నే. వాళ్ల టీం హాకైస్, రంగులు నలుపు, పసుపు. థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం ఈ రెండు టీంలకీ మ్యాచ్. ఆ రోజు మా నాన్న ఇంట్లో పసుపు రంగు పప్పు కూడా వద్దంటాడు. 

నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. తమ్ముడు కూడా లెటర్లు టేబుల్ మీద పెట్టి ఊరుకున్నాడు. వాడికి నాన్న కోరిక తెలుసు. ఆయన నడిచిన ఆ దారుల్లోనే వాడు నడవాలని, ఆ లైబ్రరీలోనే కూర్చోవాలని. ఇంటి లోన్ ఇంకా ఎంత ఉందో కూడా వాడికి తెలుసు. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర వాడే అన్నాడు. "నాన్నా, నేను అయోవాకే పోతా. లోన్ తీసుకుని నీ కాలేజీల చదివితే, ఆ రెండేళ్లు నువ్వే ఈఎంఐ గురించి ఆలోచిస్తవు. మ్యాచ్ కూడా సరిగ్గ చూడవు."

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. కంచంలో అన్నం కలుపుతూ, "పో. కానీ ఆ పసుపు చొక్కా వేసుకున్న ఫొటో మాత్రం నాకు పెట్టకు" అన్నాడు. అంతకంటే పెద్ద అనుమతి మా ఇంట్లో ఉండదు.

ఆ ఆగస్టులో వాణ్ని దింపడానికి నేనూ వెళ్లాను. వాడు సెటిలయ్యాక, అయోవా సిటీ నుంచి 300 మైళ్లు బస్సులో లింకన్ వెళ్లాను. మొక్కజొన్న తాత మనవరాలు రమ్మంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ నాలుగు సీట్లు ఇప్పుడు ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆగస్టు 30న ఆ ఫుట్‌బాల్ స్టేడియంలో వాలీబాల్ మ్యాచ్ పెట్టారు. అమ్మాయిల వాలీబాల్. నెబ్రాస్కా అమ్మాయిలు ఆ ఆటలో 5 సార్లు జాతీయ ఛాంపియన్లు. ఆ రోజు వచ్చిన జనం 92,003 మంది. అమ్మాయిల క్రీడ చూడటానికి అంతమంది రావడం ప్రపంచ రికార్డని అప్పుడు ప్రకటించారు. చిన్న చిన్న పాపలు మొహాలకి ఎర్ర రంగు పూసుకుని తండ్రుల భుజాల మీద కూర్చున్నారు. ఇన్నేళ్లూ అంకెల్లో, నాన్న మాటల్లో చూసిన చోటు అది. నా గొంతు ఎండిపోయింది.

మ్యాచ్ మొదలవకముందు ఆమె నన్ను తీసుకెళ్లి వాళ్ల ఫుట్‌బాల్ సీట్లు చూపించింది. సీటంటే కుర్చీ అనుకున్నాను. బెంచీ మీద ఒక నంబర్, అంతే. నాలుగు నంబర్లు వరసగా. "ఇది మీ నాన్నది" అంది నాలుగోదాన్ని చూపించి. పోయిన ఏడాది ఆ సీట్లో ఒక సూడాన్ కుటుంబంలోని కుర్రాడు కూర్చున్నాడని చెప్పింది. తాత పోయేముందు ఆమెకి చెప్పిన మాట ఒక్కటేనట. మూడు అమ్ముకున్నా సరే, నాలుగోది మాత్రం అమ్మొద్దు అని.

ఆ రాత్రి నాన్నకి ఆ బెంచీ ఫొటో పంపాను. రెండు బ్లూ టిక్‌లు వచ్చాయి. చాలాసేపటికి జవాబొచ్చింది. "పెయింట్ మార్చిండ్రు."

13-10, మళ్లీ 13-10

2023 నవంబర్ 24. లింకన్‌లో నెబ్రాస్కా, అయోవా. కొత్త కోచ్ మ్యాట్ రూల్. అప్పటికి 5 గెలుపులు, 6 ఓటములు. ఇది గెలిస్తే ఆరో గెలుపు, అంటే 2016 తర్వాత మొదటిసారి సీజన్ చివర్లో జరిగే బౌల్ గేమ్‌కి అర్హత. స్కోరు 10-10. ఆఖరి సెకన్లలో అయోవా కిక్ కొట్టింది. 13-10. అయిపోయింది. ఫ్యామిలీ గ్రూప్‌లో తమ్ముడు ఏమీ పెట్టలేదు. ఆ మౌనమే నాన్నకి ఎక్కువ కోపం తెప్పించింది. "గెలిచినోడు గెలిచినట్టుండాలె. వాడేంది చావింటికొచ్చినట్టు గమ్మునుంటడు?" అన్నాడు.

2024లో పరిస్థితి కాస్త మెరుగు. విస్కాన్సిన్ మీద 44-25తో గెలిచి, ఎట్టకేలకి ఆరో గెలుపు వచ్చింది. నాన్న ఆ ఆదివారం కొత్తపేట మార్కెట్ నుంచి నాటుకోడి తెచ్చాడు. తర్వాతి వారం, నవంబర్ 29న అయోవాతో, వాళ్ల గడ్డ మీద, కిన్నిక్ స్టేడియంలో. రాత్రి మ్యాచ్. మనకి శనివారం పొద్దున ఆరు. తమ్ముడు స్టూడెంట్ టికెట్‌తో గడ్డకట్టే చలిలో స్టేడియంలో ఉన్నాడు. 

మొదటి క్వార్టర్ అయిపోగానే వీడియో కాల్ వచ్చింది. నాన్న విసుగ్గా ఎత్తాడు. తమ్ముడు కెమెరా తిప్పాడు. స్టేడియం పక్కనే ఎత్తైన బిల్డింగ్, పిల్లల ఆసుపత్రి. పై అంతస్తు నుంచి మైదానం కనిపిస్తుంది. మొదటి క్వార్టర్ ముగియగానే స్టేడియంలో ఉన్న అందరూ ఆట వదిలేసి, అటు తిరిగి, కిటికీల్లో ఉన్న ఆ పిల్లలకి చెయ్యి ఊపుతారు. 2017 నుంచి ప్రతి మ్యాచ్‌లో ఇదే. ఇరు జట్ల ఆటగాళ్లు ఊపుతారు, అంపైర్లు ఊపుతారు. ఎర్ర చొక్కాల వాళ్లు కూడా. వేలమంది ఫోన్ లైట్లు వేసి చేతులు ఊపుతుంటే, పైన కిటికీల్లో చిన్న చిన్న లైట్లు కదులుతున్నాయి.

మా హాల్లో ఎవరం మాట్లాడలేదు. నాన్న సోఫాలో నుంచి కాస్త ముందుకి వంగాడు. ఫోన్ ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తి మెల్లగా ఊపాడు. ఎర్ర టీషర్ట్‌లో, కొత్తపేటలో, పొద్దున ఏడు గంటలకి. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. 

ఆ మ్యాచ్ కూడా పోయింది. మళ్లీ 13-10. మళ్లీ ఆఖరి కిక్కే, ఈసారి 53 గజాల నుంచి. గ్రూప్‌లో వెంటనే తమ్ముడి మెసేజ్, ఒకే ఒక పసుపు గుండె బొమ్మ. నాన్న జవాబు, "కిక్ మంచిగ కొట్టిండు." నేను ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. 

డిసెంబర్ 28న న్యూయార్క్‌లో, యాంకీ స్టేడియంలో జరిగిన పిన్‌స్ట్రైప్ బౌల్‌లో బోస్టన్ కాలేజీ మీద 20-15తో నెబ్రాస్కా గెలిచింది. పెద్ద కప్పేం కాదు. మనకి రాత్రి రెండు దాటాక, నాన్న బాల్కనీలోకి వెళ్లి చాయ్ తాగాడు. రెండు గ్లాసులు.

ఇప్పుడు

మా ఆఫీసులో ఒకమ్మాయి అడిగింది, ఓడిపోయే టీంని పట్టుకుని వేలాడటం ఎందుకు, మంచి టీంని ఎంచుకోవచ్చు కదా అని. ఎంచుకున్నదైతే మార్చుకోవచ్చు. నాకిది ఇంట్లో వచ్చింది. నాన్న మామూలుగా మనసులో మాట చెప్పే మనిషి కాదు. ఆయన యవ్వనం, ఆయన వదిలేసి వచ్చిన ఊరు, తండ్రి కోసం తెంచుకున్న ఉద్యోగం, ఇవేవీ నేరుగా మాతో చెప్పలేదు. స్కోర్ పేజీ లోడ్ అవుతున్న ఆ ఖాళీల్లోనే ఆయన గురించి నాకు తెలిసిందంతా తెలిసింది. టీం గెలిస్తే నాకూ సంతోషమే. గెలవకపోయినా శనివారం రాత్రి ఆయన పక్కన నా స్టూల్ ఉంది.

తమ్ముడి చదువు 2025లో అయిపోయింది. ఉద్యోగం ఎక్కడ వచ్చిందో ఊహించండి. ఒమాహాలో! నెబ్రాస్కా రాష్ట్రంలో, లింకన్‌కి గంట ప్రయాణం. ఫోన్లో జీతం ఎంతో చెప్తుంటే నాన్న మధ్యలో ఆపి, "స్టేడియానికి ఎంత దూరం?" అని అడిగాడు.

ఈసారి అయోవా మ్యాచ్ లింకన్‌లోనే. తాత మనవరాలు తమ్ముడికి మెసేజ్ పెట్టింది. ఆ రోజుకి నాలుగో సీటు నీదే, నీకిష్టమైన రంగు చొక్కా వేసుకుని రా అని. వాడు ఏం చేయాలో తెలియక నాన్నకి ఫోన్ చేశాడు. అరవై వేల గజాల దూరం నుంచి చూసినా ఆ ఎర్ర జనంలో ఒక్క నల్ల చొక్కా కనబడుతుంది కదా.

నాన్న స్పీకర్ ఆన్ చేసి చెప్పాడు. "నల్ల చొక్కానే వేసుకో. తాత ఉన్నా అదే అంటడు. కానీ ఒక్క మాట. మ్యాచ్ అయినంక ఎవరు గెలిచినా సరే, ఎదుటోళ్లు లోపలికి పోతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టు. ఆ సీటుకి అదే కిరాయి."